నాలుగు కాపీలు, ఒకే పెట్టె

2010 జులై 27న తెలంగాణలో 12 అసెంబ్లీ స్థానాలకి ఒకే రోజు ఉప ఎన్నికలు జరిగాయి, గుర్తుందా? ప్రత్యేక రాష్ట్రం కోసం ఎమ్మెల్యేలు రాజీనామా చేస్తే వచ్చిన ఎన్నికలు అవి. పన్నెండిట్లో ఎనిమిది మా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలవే. సిర్పూర్, చెన్నూరు, మంచిర్యాల అటువైపు. కోరుట్ల, ధర్మపురి, సిరిసిల్ల, వేములవాడ, హుజూరాబాద్ ఇటువైపు. ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచారో చాలామందికి గుర్తుంది. కానీ నాలాంటి కంప్యూటర్ వాడికి బాగా గుర్తుండిపోయింది ఇంకొకటి. కొన్ని నియోజకవర్గాల్లో యంత్రాలు పక్కనబెట్టి, పాత పద్ధతిలో కాగితం బ్యాలెట్ వాడాల్సొచ్చింది.

ఎందుకంటే, అప్పటి ఈవీఎంకి ఒక హద్దు ఉండేది. మనం మీట నొక్కే బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లు పడతాయి. ఓట్లు దాచుకునే కంట్రోల్ యూనిట్‌కి అలాంటివి నాలుగు మాత్రమే తగిలించొచ్చు. 16 నాలుగులు 64. అరవై అయిదో అభ్యర్థి వస్తే యంత్రం చేతులెత్తేస్తుంది. యంత్రాల మీద నమ్మకం లేని ఉద్యమకారులు కావాలనే గుంపులుగా నామినేషన్లు వేసి 64 దాటించారు. మన భాషలో చెప్పాలంటే బఫర్ ఓవర్‌ఫ్లో! ఒక్క లైను కోడ్ రాయకుండా, స్క్రూడ్రైవర్ ముట్టకుండా, పూర్తిగా చట్టబద్ధంగా.

ఫలితాలు చూస్తే 12లో 11 టీఆర్ఎస్, ఒకటి బీజేపీ. కాగితం వాడినచోటా యంత్రం వాడినచోటా గాలి ఒకవైపే వీచింది. అంటే అనుమానం తప్పని తేలిందా? నా దృష్టిలో తేలలేదు, ఒప్పని కూడా తేలలేదు. అసలు తేల్చే మార్గమే అప్పటి యంత్రంలో లేదు. ఇదంతా రాస్తున్నది అందుకే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈవీఎంలు హ్యాక్ అయ్యాయనో, అవి సత్యహరిశ్చంద్రులనో నిరూపించడం నా పని కాదు. ఆ తగువు టీవీల్లో రోజూ నడుస్తూనే ఉంటుంది. నేను స్టోరేజి ఫర్మ్‌వేర్ రాసుకు బతికేవాణ్ణి. కరెంటు పోయినా చెరిగిపోని మెమరీలో తప్పులు ఎలా వస్తాయి, ఎలా తగ్గించాలి అన్నదే నా రోజువారీ కూలిపని. ఆ కళ్ళతో ఈ కథ చూస్తే ఏం కనిపిస్తుందో అదే చెబుతున్నాను.

ముందు ఆ మెమరీ సంగతి. మన దేశంలో ఈ యంత్రాలు తయారుచేసేవి రెండే సంస్థలు, మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగుళూరులోని బెల్. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి వాడారు. చట్టంలో యంత్రం ఊసే లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది. తర్వాత చట్టం సవరించారు. 1998లో కొన్ని నియోజకవర్గాలతో మళ్ళీ మొదలై, 2004 లోక్‌సభ ఎన్నికలకి దేశమంతా వచ్చేసింది.

ఓట్లు పడేది ఈఈప్రామ్ అనే చిప్పులో. దాని లోపల ఒక్కో బిట్‌కి ఒక చిన్న ద్వీపం లాంటిది ఉంటుంది. దాన్నే ఫ్లోటింగ్ గేట్ అంటారు. 1967లో బెల్ ల్యాబ్స్‌లో కాంగ్, జీ అనే ఇద్దరు కనిపెట్టింది ఇదే. చుట్టూ సిలికాన్ డయాక్సైడ్, అంటే ఒకరకంగా గాజు గోడ. కాస్త ఎక్కువ వోల్టేజీ పెట్టి ఎలక్ట్రాన్లని ఆ గోడ దాటించి లోపల కూర్చోబెడతాం. వోల్టేజీ తీసేస్తే అవి బయటికి రాలేవు. బ్యాటరీ పీకేసినా ఉన్నచోటే ఉంటాయి. మీ జేబులోని పెన్‌డ్రైవూ, ఫోనులోని ఫ్లాషూ ఈ వంశం వాళ్ళే.

కానీ గాజు కుండ అయినా ఏళ్ళ తరబడి ఉంచితే చెమ్మ కారుతుంది. ఎలక్ట్రాన్లు ఒకటీ అరా తప్పించుకుంటూనే ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ ఆ కారడం ఎక్కువవుతుంది. మే నెలలో రామగుండం ఎండ ఎరిగిన వాళ్ళకి వేడంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. మా పనిలో మాత్రం దాన్ని వాడుకుంటాం. పదేళ్ళు ఆగి చూడలేం కాబట్టి చిప్పుని ఓవెన్‌లో పెట్టి కాల్చి, కొన్ని వారాల్లో పదేళ్ళ వయసు తెప్పిస్తాం. ఎన్నికల సంఘం చెప్పేదాని ప్రకారం ఈవీఎంలో ఫలితం పదేళ్ళకి పైగా చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇంజనీరుగా నాకు అందులో అతిశయోక్తి కనబడదు. సర్వర్‌లో ఉండే ఎస్ఎస్‌డీకి రాయడం, చెరపడం అనే చాకిరీ ఎక్కువ, గోడ అరిగిపోతుంది. ఈవీఎంకి ఆ బాధ లేదు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఓట్లు రాయించుకుని పడుకుంటుంది.

అయినా ఒక బిట్ తిరగబడితే? దానికి మన శాస్త్రంలో పాత మందుంది. ఒకే విషయాన్ని కాస్త ఎక్కువ బిట్లలో రాయడం. 1950లో బెల్ ల్యాబ్స్‌లోనే రిచర్డ్ హామింగ్ దీనికి లెక్క కట్టాడు. 1960లో ఆర్.సి. బోస్, రే-చౌధురి ఇంకా గట్టి కోడ్‌లు ఇచ్చారు. ఫ్రాన్స్‌లో హోకెన్‌ఘెమ్ ఏడాది ముందే విడిగా కనిపెట్టాడు కాబట్టి ముగ్గురి పేర్లూ కలిపి బీసీహెచ్ అంటారు. ఫ్లాష్ మెమరీలు ఏళ్ళ తరబడి నడిచింది ఆ కోడ్‌ల మీదే. అన్నట్టు, కలకత్తాలో బోస్‌తో కలిసి పనిచేసిన మన తెలుగాయన సి.ఆర్. రావు 1947లో ఆర్తోగోనల్ అర్రేల మీద రాసిన గణితం, ఈ కోడ్‌ల గణితానికి నాణేనికి రెండో వైపు లాంటిది. ఆయన రాసుకున్నది పొలాల్లో, ఫ్యాక్టరీల్లో చేసే ప్రయోగాల కోసం. తేలింది మన హార్డ్ డిస్కుల్లో!

ఈవీఎం అంత గణితం జోలికి పోలేదు. 2010లో హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్, అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీకి చెందిన హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కి చెందిన రాప్ గోన్‌గ్రైప్, ఇంకొంతమంది కలిసి ఒక ఈవీఎంని విప్పి చూసి ఒక పరిశోధనాపత్రం రాశారు. దాని ప్రకారం లోపల రెండు ఈఈప్రామ్ చిప్పులు, ఒక్కో చిప్పులో ఓట్ల జాబితా రెండేసిసార్లు. మొత్తం నాలుగు కాపీలు. ఒకటి చెడితే మిగతావి సాక్ష్యం చెబుతాయి. ఒక చిప్పు మొత్తం చచ్చినా రెండోది ఉంటుంది. సాదాసీదా డిజైనే, కానీ ప్రకృతి చేసే తప్పులకి బాగానే సరిపోతుంది.

అదే బృందం ఇంకోటి కూడా చూపించింది. చిన్న క్లిప్ లాంటి పరికరాన్ని ఆ చిప్పుల మీద తగిలించి, నాలుగు కాపీలనీ ఒకేలా మార్చేయొచ్చని. నాలుగూ ఒకే మాట చెబుతుంటే యంత్రానికి అనుమానం ఎందుకొస్తుంది? యంత్రాలు పటిష్టమైన భద్రతలో ఉంటాయి, అలా చేతికి దొరకవు అని ఎన్నికల సంఘం జవాబు. యంత్రం దొంగిలించిందన్న కేసులో హరిప్రసాద్ ఆ ఆగస్టులో అరెస్టయి, బెయిల్ మీద బయటికొచ్చారు. ఆ కేసు సంగతి పక్కన పెట్టండి. మనకి కావలసిన పాఠం ఒకటే. ఒకే పెట్టెలో, ఒకే ప్రాసెసర్ కింద, ఒకే ప్రోగ్రాం రాసిన నాలుగు కాపీలు నాలుగు సాక్ష్యాలు కావు. ఒకే మనిషి నాలుగుసార్లు చెప్పిన సాక్ష్యం.

ఇక్కడ తప్పుల్ని రెండు జాతులుగా విడదీయాలి. ఒకటి, దారినపోయే తప్పు. ఎలక్ట్రాన్ కారిపోవడం, కాస్మిక్ కిరణం తగలడం లాంటివి. ఇవి విడివిడిగా, ఎవరితో చెప్పకుండా వస్తాయి. కాపీలు పెంచితే వీటిని పట్టుకోవచ్చు. రెండోది, అన్ని కాపీలకీ ఒకేసారి తగిలే తప్పు. ప్రోగ్రాంలో బగ్ కావచ్చు, మనిషి కుట్ర కావచ్చు, మాక్ పోల్ ఓట్లు చెరపడం మర్చిపోయిన పోలింగ్ అధికారి నిద్రమత్తు కావచ్చు. దీనికి కాపీల సంఖ్య మందు కాదు. వేరే చేత్తో, వేరే పదార్థం మీద రాసిన కాపీ కావాలి.

మొదటి జాతికి ఒక ముచ్చటైన ఉదాహరణ ఉంది. 2003 మే 18న బెల్జియంలో ఎన్నికలు. బ్రస్సెల్స్ పక్క షార్‌బీక్‌లో ఒక అభ్యర్థికి సాధ్యమయ్యేదానికన్నా ఎక్కువ ఓట్లొచ్చాయి. మళ్ళీ లెక్కిస్తే తేడా సరిగ్గా 4096. ఈ అంకె చూడగానే మనవాళ్ళు నవ్వుకుంటారు. రెండుకి పన్నెండో ఘాతం. ఎక్కడో ఒక బిట్ తిరగబడింది. కాస్మిక్ కిరణం పనేమోనని అనుకున్నారు. యంత్రాన్ని ఎంత పరీక్షించినా ఆ తప్పు మళ్ళీ రాలేదు.

ఇందులో అందరూ కాస్మిక్ కిరణం గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకన్నా ముఖ్యం, అది ఎలా సరిదిద్దారన్నది. అక్కడ ఒక్కో ఓటరు ఓటూ ఒక్కో మ్యాగ్నెటిక్ కార్డు మీద విడిగా ఉంది. ఆ కార్డులన్నీ మళ్ళీ చదివించారు, సరైన లెక్క వచ్చింది. కార్డులు లేకపోయుంటే? అసాధ్యమైన అంకె కాబట్టి అనుమానం వచ్చుండేది, కానీ నిజం ఎంతో తెలిసేది కాదు. అదే బిట్ ఇంకాస్త కింద తిరగబడి 64 ఓట్లే పెరిగుంటే ఆ అనుమానం కూడా వచ్చేది కాదు.

మన దగ్గర ఆ విడి కాపీ రావడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో వీవీప్యాట్‌ని మొదటిసారి వాడారు. అదే ఏడాది అక్టోబరులో సుబ్రమణ్యస్వామి కేసులో, ఇది ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. నొక్కిన గుర్తు కాగితం మీద అచ్చయి, ఏడు సెకన్లు అద్దంలో కనబడి, డబ్బాలో పడిపోతుంది. ఓటరే స్వయంగా చూసి సరిపోల్చుకునే కాపీ.

కొత్త కాపీ పెడితే కొత్త జబ్బులూ వస్తాయి. 2018 మే 28న ఉత్తరప్రదేశ్‌లోని కైరానాలో, ఆదిలాబాద్‌కి పైనున్న విదర్భలో భండారా-గోందియాలో ఉప ఎన్నికలు జరిగితే వీవీప్యాట్లు చాలాచోట్ల మొరాయించాయి. సెన్సర్ల మీద వెలుతురు ఎక్కువ పడడం వల్లని ఎన్నికల సంఘం వివరణ ఇచ్చింది. చూశారా, తరతరాలుగా మెమరీని ఎండకి తట్టుకునేలా చేసుకొస్తే, దాన్ని తనిఖీ చేయడానికి పెట్టిన ప్రింటర్ ఎండపొడకి డీలా పడింది. అయినా నా ఓటు ప్రింటర్‌కే. అది ఆగిపోతే ఆగిపోయిందని అందరికీ కనబడుతుంది. చప్పుడు చేసే తప్పు, చప్పుడు చేయని తప్పు కన్నా వెయ్యిరెట్లు మేలు. ప్రొడక్షన్‌లో రాత్రి రెండింటికి డేటా కరప్షన్ వెతికిన వాళ్ళెవరైనా ఒప్పుకుంటారు.

మళ్ళీ మా వైపుకొద్దాం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానం. పేరుకి నిజామాబాద్ గానీ, ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో జగిత్యాల, కోరుట్ల పాత కరీంనగర్ జిల్లావే. పసుపు, ఎర్రజొన్నలకి గిట్టుబాటు ధర కోసం 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. 2010 అయ్యుంటే కాగితమే గతి. కానీ ఈసారి ఎం3 రకం యంత్రాలొచ్చాయి. వీటికి 24 బ్యాలెట్ యూనిట్లు తగిలించొచ్చు, 384 పేర్ల దాకా పడతాయి. 185కి నోటా కలిపితే 186. పదహారుతో భాగించండి, 12 యూనిట్లు. ఏప్రిల్ 11న ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు పెట్టెలు వరుసగా పేర్చారు. కోరుట్ల వైపుండే మా మేనమామని ఫోన్లో అడిగితే, "ఓటేసుడు కష్టం గాదు రా, మనోడు ఏ పెట్టెల ఉన్నడో దొర్కవట్టుడే కష్టం" అన్నాడు.

2010లో 64 గోడ దూకినవాళ్ళకి 2019లో 384 గోడ కట్టారు. కెపాసిటీ సమస్య తీరింది. మరి నమ్మకం సమస్య? దానికి ఆ ఏప్రిల్ 8నే సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. అప్పటిదాకా అసెంబ్లీ సెగ్మెంట్‌కి ఒక్క వీవీప్యాట్ చీటీలే లెక్కపెట్టేవారు. ఇకనుంచి అయిదు లెక్కపెట్టమంది. నిజామాబాద్‌లో ఏడు సెగ్మెంట్లకి 35 అన్నమాట. అక్కడ గెలిచిన ధర్మపురి అర్వింద్ మెజారిటీ 70 వేల పైచిలుకు. అంత తేడా తారుమారు కావాలంటే వందల యంత్రాలు తప్పాలి. వందల్లో ఉన్న తప్పుని 35 తనిఖీలు ఇట్టే పట్టేస్తాయి.

కానీ దానికి నాలుగు నెలల ముందు, పక్కనే ఉన్న ధర్మపురి అసెంబ్లీ సంగతి చూడండి. 2018 డిసెంబరులో కొప్పుల ఈశ్వర్ గెలిచింది 441 ఓట్లతో. ఒక లెక్క వేద్దాం. ఇది ఊరికే కాగితం మీది లెక్క, అక్కడ అలా జరిగిందని కాదు. 250 పోలింగ్ కేంద్రాలున్న నియోజకవర్గం అనుకోండి. అయిదు యంత్రాల్లో 45 ఓట్ల చొప్పున ఇటువి అటు పడితే తేడా 450 మారుతుంది, ఫలితమే మారిపోతుంది. ఒక్క యంత్రాన్ని తనిఖీ చేస్తే ఆ అయిదింటిలో ఒకటి దొరికే అవకాశం నూటికి రెండు. అయిదు తనిఖీ చేస్తే నూటికి పది. నూటికి తొంభై కావాలంటే 90కి పైగా యంత్రాల చీటీలు లెక్కపెట్టాలి. అంటే తనిఖీ సైజు అన్నిచోట్లా ఒకటే ఉండడం లెక్కకి నిలబడదు. మెజారిటీ తక్కువైతే ఎక్కువ చీటీలు, ఎక్కువైతే తక్కువ చీటీలు లెక్కపెట్టాలి. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2017 నుంచీ ఈ పద్ధతిలోనే ఆడిట్ చేస్తోంది. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త చిప్పు అక్కర్లేదు. కూడిక, తీసివేత, కాస్త ఓపిక చాలు.

ధర్మపురి కథ అక్కడితో అయిపోలేదు. ఓడిన అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ లెక్కింపు మీద హైకోర్టుకెళ్ళారు. స్ట్రాంగ్ రూమ్ తెరిచి రికార్డులు ఇమ్మని కోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్‌లో అధికారులు తెరవబోతే తాళంచెవి లేదు! చివరికి కోర్టు అనుమతితో తాళం పగలగొట్టారు. కేసులో ఎవరిది రైటు అన్నది నా విషయం కాదు. నాకు పట్టింది ఒకటే. లోపలున్న చిప్పుకి పదేళ్ళ గ్యారంటీ. బయటున్న తాళంచెవికి అయిదేళ్ళు కూడా లేదు. ఎలక్ట్రాన్లు కాపలా కాశాయి, మనుషులు కాయలేదు. నాన్-వొలటైల్ మెమరీ అంటే చిప్పొక్కటే కాదు. దాన్ని పెట్టిన గది, గది తాళం, తాళం ఎవరికిచ్చారో రాసిన రిజిస్టరు, ఇవన్నీ కలిస్తేనే మెమరీ. అన్నిట్లో బలహీనమైన దాని ఆయుష్షే మొత్తం ఆయుష్షు.

సుప్రీంకోర్టు కూడా నెమ్మదిగా అటువైపే వస్తోందని నాకనిపిస్తోంది. 2024 ఏప్రిల్ 26 తీర్పులో నూటికి నూరు చీటీలు లెక్కపెట్టాలన్న కోరికని ఒప్పుకోలేదు. కానీ వీవీప్యాట్‌లోకి గుర్తులు ఎక్కించే యూనిట్లని సీలు వేసి 45 రోజులు దాచమంది. రెండో, మూడో స్థానంలో వచ్చినవాళ్ళు ఏడు రోజుల్లో రాసి అడిగితే, సెగ్మెంట్‌కి 5 శాతం యంత్రాల్లోని మైక్రోకంట్రోలర్ మెమరీని ఇంజనీర్లు పరీక్షించాలంది. ఆ పరీక్షలో అసలు ఓట్ల డేటా చెరిపేసి మాక్ పోల్ చేస్తున్నారని మళ్ళీ పిటిషన్ పడితే, డేటా చెరపొద్దు, మళ్ళీ లోడ్ చేయొద్దు అని 2025 ఫిబ్రవరిలో చెప్పాల్సొచ్చింది. ఆలోచించండి. పదేళ్ళు చెరగకుండా ఉండే మెమరీ కోసం ఇంజనీర్లు అర్ధ శతాబ్దం కష్టపడ్డారు. చెరపొద్దని చెప్పడానికి దేశంలోకెల్లా పెద్ద కోర్టు కావలసొచ్చింది.

మన ఆఫీసుల్లోనూ ఇదే కథ రోజూ నడుస్తుంది. ఒకే డేటాసెంటర్‌లో మూడు రెప్లికాలు పెట్టి "మాకు బ్యాకప్ ఉంది" అనేవాళ్ళు ఎంతమంది లేరు? ఎవరో తప్పు డిలీట్ కమాండ్ కొడితే మూడు రెప్లికాలూ ఎంతో విధేయంగా, ఒకేసారి, ఒకే తప్పు చేస్తాయి. రెప్లికా డిస్కు చావు నుంచి కాపాడుతుంది. మన నుంచి మనల్ని కాపాడేది వేరేచోట, వేరే చేతుల్లో ఉన్న కాపీ. అది కూడా అప్పుడప్పుడూ తెరిచి చూస్తేనే.

2010లో నామినేషన్ల వరద పారించిన ఆ జనానికి ఈఈప్రామ్ అంటే తెలియకపోవచ్చు, హామింగ్ ఎవరో తెలియకపోవచ్చు. కానీ వాళ్ళు అడిగింది మన పుస్తకాల్లో ఉన్న ప్రశ్నే. యంత్రం తప్పు చేస్తే, అది తప్పని యంత్రాన్ని కాకుండా ఇంకెవర్ని అడిగి తెలుసుకోవాలి? కాగితం చీటీ వచ్చింది కాబట్టి ఇప్పుడు జవాబు సగం ఉంది. మెజారిటీని బట్టి ఎన్ని చీటీలు విప్పాలో తేల్చి, తాళంచెవి ఎక్కడుందో కూడా ఒక రిజిస్టర్లో రాసుకుంటే మిగతా సగం కూడా దొరుకుతుంది. మీరేమంటారు?